ఐదు పాజిటివ్‌లు, లేని ఒక్క కాగితం

ప్రశ్న: నమస్తే డాక్టరు గారూ. మా అమ్మకు 56 ఏళ్లు. మాది చోడవరం దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే గోపాలపట్నంలో ఉంటోంది. శుక్లం ఆపరేషన్‌కి తీసుకెళ్తే ముందుగా చేసే రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి అని తేలింది. ఆపరేషన్ వాయిదా వేశారు. రెండేళ్లుగా కీళ్ల నొప్పులున్నాయని చెబితే ఒక డాక్టరు గారు ఇంకొన్ని పరీక్షలు రాశారు. ఏఎన్ఏ, ఏఎస్ఎంఏ, ఆర్ఏ ఫ్యాక్టర్ మూడూ పాజిటివ్. "ఇది ఆటోఇమ్యూన్, ఒళ్లే లివర్‌ని తినేస్తోంది" అని స్టెరాయిడ్ రాశారు. మరో డాక్టరు గారు అది వద్దు, ముందు వైరస్ మందు అన్నారు. పక్కింటి పిన్నిగారు తిప్పతీగ కషాయం కాచి ఇస్తున్నారు. ఎవరి మాట వినాలి? రెండు జబ్బులూ ఉంటే లివర్ రెండింతలు పాడవుతుందా? 1995లో నేను పుట్టినప్పుడు అమ్మకు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారట, దానివల్లేనా? కంచం, గ్లాసు వేరు చెయ్యమంటున్నారు బంధువులు. అమ్మ ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తుంది. మొన్న ఆషాఢంలో నడిచొచ్చాక పిక్కల నిండా ఎర్రమచ్చలు వస్తే కొత్త చెప్పులు పడలేదనుకున్నాం. వచ్చే ఏడు వెళ్లొచ్చా?

సమాధానం: బాబూ, మీరు ఫోన్లో ఫొటోలు తీసి పంపిన పదకొండు కాగితాలూ తేదీల వారీగా పెట్టుకుని చూశాను. రెండో డాక్టరు గారి మాటే నా మాట కూడా. ముందు వైరస్ సంగతి చూడాలి. నలభై మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ కొన్నాం గానీ ఇంకా మొదలుపెట్టలేదని రాశారు. మంచి పని చేశారు, వాటిని అలమరాలోనే ఉండనివ్వండి. హెపటైటిస్ సి ఉన్న ఒంట్లో స్టెరాయిడ్ పడితే వైరస్‌కి పండగే, రక్తంలో దాని లెక్క ఇంకా పెరుగుతుంది. ఈ వయసులో షుగర్ కూడా తోడు రావచ్చు. స్టెరాయిడ్ నిజంగా కావలసిన సందర్భాలున్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మొదటి డాక్టరు గారిని మాత్రం తప్పుపట్టకండి. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనే జబ్బు నిజంగానే ఉంది. ఆడవాళ్లలో ఎక్కువ. కీళ్లు నొస్తాయి, లివర్ దెబ్బని చూపే ఎస్‌జీపీటీ పెరుగుతుంది, ఏఎన్ఏ, ఏఎస్ఎంఏ పాజిటివ్ వస్తాయి. ఈ రెండూ యాంటీబాడీలు, అంటే రోగాల మీద ఒళ్లు వదిలే అస్త్రాలు, కాకపోతే సొంత కణాల మీదికే తిరిగినవి. మీ అమ్మగారి దగ్గర ఇవన్నీ ఉన్నాయి. హెపటైటిస్ సి కాగితం చూడకపోతే నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఏఎన్ఏ ఎలా చేస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. గాజు పలక మీద మనిషి కణాలు పరిచి ఉంటాయి. వాటి మీద మీ అమ్మగారి సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, ఒక చుక్క వేసి, కడిగి, వెలుగునిచ్చే రంగు పూసి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూస్తారు. కణం నడుమ ఉండే కేంద్రకం ఆకుపచ్చగా మెరిస్తే పాజిటివ్. ఆ తర్వాత సీరమ్‌ని ఇంకా ఇంకా పలుచన చేస్తూ ఎక్కడిదాకా మెరుస్తుందో చూస్తారు, మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోయినట్టు. మీ అమ్మగారిది 1:80. అంటే ఎనభై రెట్లు పలుచన చేసినా మెరిసింది, ఆపైన మెరవలేదు. జబ్బూ గిబ్బూ లేని వంద మందిని నిలబెట్టి ఇదే పరీక్ష చేస్తే 1:40 దగ్గర ముప్పై మంది దాకా, 1:80 దగ్గర పదమూడు మంది, 1:160 దగ్గర ఐదుగురు పాజిటివ్ వస్తారు. ల్యాబువాళ్లు 'పాజిటివ్' అన్నది లావు అక్షరాల్లో వేస్తారు, ఆ పక్కనున్న అంకె సన్నగా ఉంటుంది. చూడాల్సింది ఆ సన్న అంకెని.

ఇది ఆరోగ్యవంతుల లెక్క. హెపటైటిస్ సి ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో ఇలాంటి యాంటీబాడీలు మరింత ఎక్కువ. ఏఎన్ఏ, ఏఎస్ఎంఏ లాంటి వాటిలో ఏదో ఒకటి కొన్నిచోట్ల మూడో వంతు మందిలో దొరికింది. కారణం వైరస్ స్వభావంలోనే ఉంది. దాని పైతొడుగులోని ఒక ప్రొటీన్, యాంటీబాడీలు తయారుచేసే బి కణాల మీది ఒక కొక్కేన్ని పట్టుకుంటుంది. ఆ కణాలు ఊరికే ఉండలేవు, అవసరమున్నా లేకపోయినా యాంటీబాడీలు వదులుతూనే ఉంటాయి. జాలరిపేటలో వల లాగేటప్పుడు చూసే ఉంటారు. వంజరం కోసం వేసిన వలలో పీతలు, నాచు, ప్లాస్టిక్ సంచులు కూడా వస్తాయి. ముప్పై ఏళ్లు ఒకే వైరస్ మీద వలేస్తున్న ఒంట్లో కూడా అలాంటివి పడుతుంటాయి. పీత దొరికింది కదా అని పీతల కోసమే వలేశారనుకోకూడదు.

అసలు ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కీ, వైరస్ వేసే ఈ నీడకీ తేడా ఎలా తెలుస్తుంది? వైద్యులు ఒక చిన్న మార్కుల పట్టీ వాడతారు. 2008 నుంచి అందరూ వాడుతున్నదే. మీ కాగితాలతో నేను వేసి చూశాను. ఏఎన్ఏ 1:80 ఉన్నందుకు రెండు మార్కులు. ఏఎస్ఎంఏ 1:40కి వేరే మార్కులు లేవు, రెండింటికీ కలిపి రెండే. ఐజీజీ అనే యాంటీబాడీల లెక్క 1690 ఉంది, ల్యాబు హద్దు 1600, కొంచెమే దాటింది కాబట్టి ఒకటి. వైరస్ లేకపోతే రెండు మార్కులొచ్చేవి, ఉంది కాబట్టి సున్నా. లివర్ ముక్క తీసి పరీక్ష చెయ్యలేదు, దానికీ సున్నా. మొత్తం మూడు. ఆరు వస్తే అనుమానం గట్టిది, ఏడు వస్తే ఖాయం. పైగా ఆ ఒక్క ఐజీజీ మార్కు కూడా వైరస్ ఖాతాలోదే అనుకోవచ్చు, హెపటైటిస్ సి ఒక్కటే ఐజీజీని ఆ మాత్రం పెంచగలదు.

ఈ యాంటీబాడీల మీద ఇంత గొడవ ఎందుకు నడిచిందో కూడా చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో ఈ వైరస్‌కి పేరే లేదు. 'ఏ కాదు, బీ కాదు' అనేవాళ్లం. 1989లో దొరికింది, దాన్ని కనిపెట్టినందుకు 2020లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. మధ్యలో పాతికేళ్లు మా చేతిలో ఉన్న మందు ఇంటర్‌ఫెరాన్. ఆర్నెల్లు, కొందరికి ఏడాది ఇంజెక్షన్లు. జ్వరం, జుట్టు రాలడం, దిగులు. అది ఒంట్లోని రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టి పనిచేసే మందు. నిజంగా ఆటోఇమ్యూన్ ఉన్నవాళ్లకి పడితే మంట మీద కిరసనాయిలు పోసినట్టే. అందుకే ఏఎన్ఏ పాజిటివ్ అంటే అప్పట్లో చేతులు వణికేవి. ఒక తెలుగు మాస్టారికి ఇదే కారణంతో రెండేళ్లు మందు మొదలుపెట్టకుండా ఆగాం. ఆ రెండేళ్లలో ఆయన పొట్టలో నీరు చేరింది. ఇప్పుడు మనం వేసే మాత్రలు వైరస్ యంత్రాంగాన్నే ఆపుతాయి, రక్షణ వ్యవస్థ జోలికి పోవు. ఏఎన్ఏ ఉన్నా లేకపోయినా ఒకేలా పనిచేస్తాయి. పాత భయం మాత్రం కొందరి ప్రిస్క్రిప్షన్లలో ఇంకా మిగిలే ఉంది.

లివర్ రెండింతలు పాడవుతుందా అని అడిగారు. ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో ఎస్‌జీపీటీ కొంచెం ఎక్కువని, లివర్ ముక్కలో వాపు, మచ్చ (దెబ్బ మానాక మిగిలే గట్టిదనం) కొంచెం ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనబడింది. అలాంటి తేడా ఏమీ లేదని మరికొన్నింట్లో తేలింది. ఎక్కువ ఏళ్లుగా వైరస్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసు ఆడవాళ్లలో యాంటీబాడీలూ ఎక్కువే, మచ్చా ఎక్కువే. రెండూ ఒకచోట కనిపిస్తే ఒకటి రెండోదాన్ని తెచ్చిందని చెప్పలేం. లివర్‌ని పాడుచేసేవి వేరే ఉన్నాయి: వైరస్ ఎన్నేళ్లుగా ఉంది, తోడుగా మద్యం తాగే అలవాటు, లావు ఒళ్లు, షుగర్, హెపటైటిస్ బి.

పాడయిందా లేదా అన్నది లివర్నే అడగాలి, ఏఎన్ఏని కాదు. ఖర్చు లేని లెక్క ఒకటుంది, పేరు ఫిబ్-4. వయసుని ఎస్‌జీఓటీతో (ఇదీ ఎస్‌జీపీటీ లాంటి లివర్ పరీక్షే) గుణించాలి: 56 ఇంటూ 78, మొత్తం 4368. ప్లేట్‌లెట్లు 1.65 లక్షలు, వాటిని వేలల్లో 165 అని తీసుకుని ఎస్‌జీపీటీ 96 వర్గమూలంతో, అంటే సుమారు 9.8తో గుణించాలి, 1617 వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.7. 1.45 లోపు ఉంటే నిశ్చింత, 3.25 దాటితే మచ్చ బాగా ముదిరిందని. మీ అమ్మగారిది నడిమధ్యలో ఉంది, కాబట్టి లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. పొట్ట పక్కన చిన్న దెబ్బలాంటిది తగులుతుంది, పది నిమిషాల పని. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, ఇడ్లీ తిని వెళ్తే లివర్ గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. 12.5 కిలోపాస్కల్స్ దాటితే సిరోసిస్‌గా, అంటే లివరంతా మచ్చకట్టి గట్టిపడినట్టుగా లెక్కేస్తాం. అల్బుమిన్ 3.9, బిలిరుబిన్ 0.9 ఉన్నాయి కాబట్టి లివర్ పని బాగానే చేస్తోంది, అదొక ధైర్యం.

ఇప్పుడు ఆ ఎర్రమచ్చల దగ్గరికి రండి. మీరు ఉత్తరం చివర చెప్పుల మీదకి తోసేసి రెండు ముక్కల్లో రాశారు. నాకు మిగతా ఉత్తరమంతా ఒకెత్తు, ఇది ఒకెత్తు.

ఈసారి మచ్చలు వచ్చినప్పుడు ఒక గాజు గ్లాసు తీసుకుని దాని అడుగు మచ్చ మీద పెట్టి నొక్కండి. దద్దురైతే గాజు కింద తెల్లబడుతుంది. రక్తం సన్న నాళాల్లోంచి చర్మం కిందికి కారిన మచ్చ అయితే ఎరుపు కదలదు. పిక్కల మీద వస్తాయి, ఎక్కువసేపు నిలబడ్డా నడిచినా వస్తాయి, వారం పది రోజుల్లో తగ్గి గోధుమరంగు చార వదిలిపోతాయి. ముప్పై రెండు కిలోమీటర్లు కొండ చుట్టూ నడిచాక రావడం, కీళ్ల నొప్పులు, నీరసం, కీళ్లవాతం అనుమానంతో చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ 84. ఇవన్నీ ఒకచోట చేరిస్తే నాకు తోచేది క్రయోగ్లోబులిన్లు. చల్లబడితే ముద్దకట్టే యాంటీబాడీలివి. హెపటైటిస్ సి దీర్ఘకాలం ఉన్నవాళ్లలో సగం మంది దాకా రక్తంలో ఇవి దొరుకుతాయి, బాధపెట్టేది మాత్రం కొద్దిమందినే. ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ రావడానికి కూడా ఇవే కారణం కావచ్చు, అంతమాత్రాన కీళ్లవాతం అనుకోనక్కర్లేదు. అసలు కీళ్లవాతాన్ని పట్టిచ్చే యాంటీ సీసీపీ పరీక్ష చేస్తే ఆ చిక్కు వీడుతుంది.

ఇవి బాధపెట్టే చోటుల్లో భయపడవలసింది కిడ్నీ. ఇక్కడే నేను మీ కాగితాలు రెండుసార్లు తిరగేశాను. ఏఎన్ఏ ఉంది, ఏఎస్ఎంఏ ఉంది, థైరాయిడ్ ఉంది, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ ఉంది. వేలకు వేలు పోసి చేయించారు. మామూలు మూత్ర పరీక్ష లేదు! నిరుడే బీపీ బిళ్ల మొదలైందని కూడా రాశారు. బీపీ కొత్తగా రావడం వయసు వల్ల కావచ్చు, కిడ్నీ వల్ల కూడా కావచ్చు. మూత్రంలో ప్రొటీన్, ఎర్రకణాలు ఉన్నాయేమో చూడండి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడండి, కాంప్లిమెంట్ సి4 అనే రక్తంలోని రక్షణ ప్రొటీన్ చూడండి. సి4 బాగా పడిపోయి ఉంటే నా అనుమానం నిజమే. మూత్రం పోసినప్పుడు నురగ నిలిచిపోతోందా, పొద్దున్నే పాదాలు ఉబ్బుతున్నాయా అని అమ్మగారిని మీరే అడగండి. మనవాళ్లలో తల్లులు ఇలాంటివి కొడుకులకి చెప్పుకోరు.

క్రయోగ్లోబులిన్ పరీక్ష కూడా రాస్తారు. దాంట్లో ఒక మెలిక ఉంది. రక్తం తీసిన క్షణం నుంచి సీరమ్ వేరుచేసేదాకా ఒంటి వేడిమీద, 37 డిగ్రీల దగ్గరే ఉంచాలి. ఇంటికొచ్చిన శాంపిల్ కుర్రాడు ట్యూబుని ఐస్ డబ్బాలో పడేసి స్కూటరెక్కాడా, ముద్ద దారిలోనే అడుగుకి దిగిపోతుంది, రిపోర్టు నెగటివ్ వస్తుంది. ల్యాబుకి మనిషి స్వయంగా వెళ్లి ఇవ్వాలి, వేడి పెట్టెలో ఉంచుతారా అని ముందే అడగాలి.

ఇంకోటి. కీళ్ల నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేస్తున్నామన్నారు. ఆపెయ్యండి. అది కిడ్నీకి బరువు. నొప్పి తట్టుకోలేకపోతే పారాసిటమాల్, రోజుకి రెండు గ్రాములు దాటకుండా.

మందు సంగతి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. దాని కింద పరీక్షలూ మాత్రలూ ఉచితం. విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో గ్యాస్ట్రో (పొట్ట, లివర్ జబ్బుల) ఓపీకి వెళ్లి ఈ కాగితాలన్నీ చూపించండి, ఆధార్ కార్డు జిరాక్సు పట్టుకెళ్లండి. ఉచితం కదా అని తేలిగ్గా చూడకండి, ప్రైవేటులో రాసేవీ అవే మందులు. సిరోసిస్ లేకపోతే సోఫోస్బువిర్, డక్లాటాస్విర్. ఉంటే సోఫోస్బువిర్, వెల్పటాస్విర్. రోజుకొకసారి, పన్నెండు వారాలు. వందకి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది, నయమవడమంటే తగ్గి ఉండడం కాదు, వైరస్ పోవడమే. మొదలుపెట్టే ముందు రెండు విషయాలు డాక్టరుకి గుర్తుచెయ్యండి. ఒకటి, హెపటైటిస్ బి. ఇప్పుడు బి ఉందా అని కంటాసుపత్రి వాళ్లు చేసిన హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష నెగటివే, కానీ పాత బి ఎప్పుడైనా వచ్చిపోయిందా చెప్పే యాంటీ హెచ్‌బీసీ కూడా కావాలి, సి పోతుంటే నిద్రపోతున్న బి లేచే ప్రమాదం ఉంది. రెండోది, అమ్మగారు రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల. పాంటోప్రజోల్ లాంటివి వెల్పటాస్విర్‌ని ఒంటికి పట్టనివ్వవు. చెప్పకపోతే ఎవరూ అడగరు, మన దగ్గర గ్యాస్ బిళ్లని మందుగా ఎవరు లెక్కేస్తారు!

మందు అయిపోయాక పన్నెండు వారాలకి, నేరుగా వైరస్‌నే వెతికే ఆర్ఎన్ఏ పరీక్ష చేస్తే అందులో వైరస్ కనిపించకూడదు. మొదట చేసిన యాంటీబాడీ పరీక్ష మాత్రం జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది, మళ్లీ చేయించి కంగారు పడకండి. ఏఎన్ఏ కూడా కొందరిలో పోతుంది, కొందరిలో ఉండిపోతుంది. ఎస్‌జీపీటీ మామూలుకి వచ్చిందా, దాన్ని ఇక మర్చిపోవచ్చు. వైరస్ పోయి నెలలు గడిచినా ఎస్‌జీపీటీ దిగకపోతే, ఐజీజీ ఇంకా పెరుగుతుంటే, అప్పుడు లివర్ ముక్క తీసి చూడాలి, అందులో యాంటీబాడీలు వదిలే ప్లాస్మా కణాలు గుంపులుగా ఉంటే మొదటి డాక్టరు గారి స్టెరాయిడ్‌కి వేళైనట్టు. కిడ్నీకి గట్టి దెబ్బ తగిలితే కూడా స్టెరాయిడ్ లాంటివి వాడాల్సి రావచ్చు, అది కిడ్నీ వైద్యులు చూసుకుంటారు. ఫైబ్రోస్కాన్‌లో సిరోసిస్ తేలితే వైరస్ పోయినా ఆర్నెల్లకొకసారి అల్ట్రాసౌండ్ తప్పదు, లివర్ క్యాన్సర్ కోసం.

తిప్పతీగ. పిన్నిగారి మనసు నొప్పించకుండా ఎలా ఆపుతారో మీ ఇష్టం, కానీ ఇవాళే ఆపండి. కరోనా రోజుల్లో ఇంటింటా తాగారు. 2021లో ముంబై వైద్యులు దాన్ని వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ల వివరాలు ప్రచురించారు, ఆ జబ్బు అచ్చం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా ఉంది. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన మనకెందుకు. అసలే ఏఎన్ఏ తిరకాసులో ఉన్న మనిషికి అదే తిరకాసు తెచ్చే కషాయం పొయ్యడం దేనికి? ఎస్‌జీపీటీ 96లో దాని వాటా ఎంతో కూడా మనకి తెలియదు.

రక్తం సంగతి. 1995 నాటికి మన దేశంలో రక్తనిధుల్లో హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి కాదు, అయ్యేసరికి 2000 దాటింది. కాబట్టి ఆ రెండు బాటిళ్ల వల్ల అయ్యుండొచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ గాజు సిరంజి వేడినీళ్లలో ముంచి అందరికీ వాడిన రోజులూ అవే, దానివల్ల కూడా అయ్యుండొచ్చు. మీరు ఆ రక్తం ఎక్కకముందే పుట్టేశారు. విజయనగరంలో ఉన్న మీ చెల్లెలు తర్వాత పుట్టింది కాబట్టి ఆవిడ ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. తల్లి నుంచి బిడ్డకి సోకేది నూటికి ఐదారుగురికే. మీరూ చేయించుకుంటే పోయేదేం లేదు.

కంచాలు, గ్లాసులు వేరు చెయ్యకండి. ఎంగిలి వల్ల, ఒకే బాత్రూమ్ వల్ల, మనవణ్ణి ఎత్తుకోవడం వల్ల రాదు. బ్లేడు, గోళ్లు కత్తిరించేది, బ్రష్షు వేరుగా ఉంచితే చాలు. శుక్లం ఆపరేషన్ కూడా ఆగాల్సిన పని లేదు, ప్రతి రోగి దగ్గరా పాటించాల్సిన జాగ్రత్తలతోనే ఈవిడకీ చెయ్యొచ్చు. ఆ మాట అక్కడి డాక్టరుతో చెప్పండి. అప్పటికీ కుదరదంటే మరో చోట చూపించుకోండి.

గిరిప్రదక్షిణ అన్నారు. వైరస్ పోయాక కూడా మచ్చలు కొన్ని నెలలు వచ్చిపోతుండొచ్చు. ఆషాఢ పౌర్ణమికి ఇంకా చాలా రోజులుంది. అప్పటికి మచ్చలు ఆగి, మూత్రం శుభ్రంగా ఉంటే నడవనివ్వండి. లేకపోతే ఈ ఒక్క ఏడూ కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోమనండి. రేపు పొద్దున్నే మొదటి మూత్రం సీసాలో పట్టి ల్యాబుకి ఇవ్వండి. రిపోర్టు రాగానే కేజీహెచ్‌కి ఆ కాగితం అన్నిటికన్నా పైన పెట్టి తీసుకెళ్లండి.